జీతం తగ్గలేదు కదా, మరి నష్టమేమిటి?

సెయింట్ లూయిస్ నగర పోలీసు శాఖలో సార్జెంట్ జటోన్యా మల్‌డ్రో 2008 నుంచి 2017 వరకు ఇంటెలిజెన్స్ విభాగంలో పనిచేశారు. ఎఫ్‌బీఐ టాస్క్‌ఫోర్స్ అధికారి హోదా కూడా ఆమెకు ఉండేది. ఆ హోదాతో పోలీసు గుర్తులు లేని కారు వచ్చింది, దాన్ని ఇంటికి తీసుకెళ్ళొచ్చు. పని సోమవారం నుంచి శుక్రవారం దాకా. 2017లో ఆ విభాగానికి కొత్త అధికారి వచ్చారు. ఆమెను సార్జెంట్ అనకుండా అప్పుడప్పుడు 'మిసెస్' అనేవారు. ఆమెను బదిలీ చేయండి, ఆ స్థానంలో ఒక మగ అధికారిని పెట్టుకుంటానని పైవాళ్ళను అడిగారు. ఆ విభాగం పని చాలా ప్రమాదకరం, అందుకు అతనే తగినవాడు అనిపించిందని తర్వాత వాంగ్మూలంలో చెప్పారు.

బదిలీ జరిగింది. ర్యాంకు తగ్గలేదు, జీతం తగ్గలేదు. ఐదో డిస్ట్రిక్ట్‌లో యూనిఫాం వేసుకుని గస్తీ పోలీసులను చూసుకోవడం, కాగితాల పని చేయడం ఆమె వంతైంది. ఎఫ్‌బీఐ హోదా పోయింది, దాంతోపాటు కారూ పోయింది. డ్యూటీ వేళలు మారుతూ ఉంటాయి, శని ఆదివారాల్లోనూ రావాలి. మన ఆఫీసుల్లో దీన్ని శంకరగిరి మాన్యాలు పట్టించడం అంటాం. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం కింద ఆమె దావా వేశారు. జిల్లా కోర్టు, దాని మీది 8వ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఒకే మాట చెప్పాయి: ఇందులో చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదు.

2024 ఏప్రిల్ 17న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. న్యాయమూర్తి ఎలీనా కేగన్ రాసిన తీర్పు సారాంశం చిన్నది. బదిలీ వల్ల ఉద్యోగ షరతుల్లో ఏదో ఒక దానికి కొంత నష్టం జరిగిందని చూపిస్తే చాలు. అది పెద్ద నష్టమని, తీవ్రమైన నష్టమని చూపించనక్కరలేదు. ఫలితం విషయంలో తొమ్మిది మందీ ఒక్కటే. ముగ్గురు మాత్రం తమ కారణాలు విడిగా రాసుకున్నారు.

ఉద్యోగంలో వివక్ష జరిగిందని కోర్టుకు వెళ్ళేవాళ్ళు తమ దావా పత్రంలో నష్టాన్ని ఎంతవరకు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది అమెరికా న్యాయవ్యవస్థలో యాభై ఏళ్ళకు పైగా నలిగిన ప్రశ్న. మల్‌డ్రో తీర్పుతో గడప ఎత్తు తగ్గింది. కానీ గడప దాటాల్సిన పని వాదికే మిగిలింది. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళు లక్షల్లో ఉన్నారు కాబట్టి ఈ సంగతి మన ఇళ్ళల్లోనూ మాట్లాడుకోవలసినదే.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం కారణంగా ఎవరినీ ఉద్యోగంలో చేర్చుకోకుండా ఉండకూడదు, తీసేయకూడదు, జీతభత్యాల్లో గాని ఉద్యోగపు నిబంధనల్లో, షరతుల్లో, సౌకర్యాల్లో గాని వివక్ష చూపకూడదు. అంతే. 'ప్రతికూల చర్య' అనే మాట అందులో లేదు. 'గణనీయమైన నష్టం' అనే మాటా లేదు. ఈ రెండూ కోర్టులు తర్వాత చేర్చుకున్నవి.

ఎందుకు చేర్చుకున్నాయి? ప్రతి చిన్న ఆఫీసు గొడవా ఫెడరల్ కోర్టుకు ఎక్కుతుందన్న భయం ఒకటి. రెండో కారణం నా ఊహ, కానీ బలమైన ఊహే అనుకుంటున్నాను. 1991లో చట్టాన్ని సవరించే దాకా ఈ అధ్యాయం కింద గెలిచినవాళ్ళకు దక్కేది ప్రధానంగా పోయిన జీతం, పోయిన ఉద్యోగం. మనోవేదనకు పరిహారం లేదు, జ్యూరీ లేదు. జీతం తగ్గని కేసులో గెలిచినా చేతికి వచ్చేది పెద్దగా ఉండేది కాదు. అందుకని న్యాయమూర్తుల చూపు జీతం చీటీ మీదే నిలిచిపోయింది. 1991లో పరిహారం తలుపు తెరుచుకున్నా ఆ చూపు మారలేదు.

ఆ చూపు ఎంత దూరం పోయిందో కేగన్ స్వయంగా కొన్ని ఉదాహరణలతో చూపించారు. ఒక ఇంజనీరింగ్ టెక్నీషియన్‌ను 14 అడుగులకు 22 అడుగుల గాలి సొరంగంలో పనికి పంపితే, దానివల్ల చెప్పుకోదగ్గ కీడు లేదన్నారు. సరుకు రవాణా సంస్థ ఉద్యోగిని పూర్తిగా రాత్రి పనికి మారిస్తే అదీ లెక్కలోకి రాలేదు. ఒక బడి ప్రిన్సిపల్‌ను బడికి దూరంగా, తక్కువ మందిని చూసుకునే పాలనా ఉద్యోగానికి నెడితే అదీ చాలలేదు. రాత్రంతా మేలుకుని పగలు పిల్లల బడి చుట్టూ తిరిగే మనిషికి ఇందులో నష్టముందా లేదా అని నిద్రపోయే మనిషి తేల్చాడన్నమాట. ఈ తీర్పులు చదువుతున్నప్పుడు నాకు కలిగిన బాధను దాచుకోను.

5వ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఇంకా ముందుకు వెళ్ళింది. టెక్సస్, లూసియానా, మిసిసిపీ రాష్ట్రాలు దాని కిందకు వస్తాయి. నియామకం, సెలవు మంజూరు, తొలగింపు, పదోన్నతి, జీతం వంటి 'అంతిమ నిర్ణయాల'కే చట్టం వర్తిస్తుందని అది దశాబ్దాల పాటు పట్టుబట్టింది. డాలస్ కౌంటీ జైలులో పనిచేసే తొమ్మిది మంది మహిళా అధికారులకు ఈ గోడే అడ్డం వచ్చింది. 2019 దాకా అక్కడ వారాంతపు సెలవులు సీనియారిటీని బట్టి ఉండేవి. తర్వాత మగవాళ్ళకు శని ఆదివారాలు రెండూ సెలవు, ఆడవాళ్ళకు రెండు పనిరోజులు గాని, ఒక పనిరోజూ ఒక వారాంతపు రోజూ గాని సెలవు. లింగాన్ని బట్టే ఇలా చేశామని పై అధికారి ఒప్పుకున్నారని దావా పత్రంలోనే రాశారు. అయినా జిల్లా కోర్టు సాక్ష్యం దాకా పోకుండానే దావాను కొట్టేసింది. సెలవు రోజులు మారడం అంతిమ నిర్ణయం కాదు కాబట్టి. 2023 ఆగస్టు 18న 5వ సర్క్యూట్ పూర్తి ధర్మాసనం ఆ పాత సూత్రాన్ని వదిలేసి కేసును తిరిగి నిలబెట్టింది. మల్‌డ్రో తీర్పుకు ఎనిమిది నెలల ముందు మాట ఇది. అంతకు ఏడాది ముందు, 2022 జూన్‌లో, వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ కూడా తన పాత సూత్రాన్ని వదిలేసుకుంది.

మల్‌డ్రో, డాలస్ కేసుల మధ్య ఒక తేడా గమనించాలి, ఎందుకంటే మన ప్రశ్న అక్కడే ఉంది. మల్‌డ్రో సాక్ష్యాలు సేకరించాక, విచారణకు ముందు ఓడిపోయారు. డాలస్ మహిళలు మొదటి మెట్టు మీదే, తమ దావా పత్రం బలం మీదే ఓడిపోయారు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఈ మొదటి మెట్టుకు తనదైన తీరుంది. దావా రాగానే యజమాని వకీలు, 'ఇందులో రాసిన సంగతులన్నీ నిజమే అనుకున్నా చట్టం కింద కేసు నిలవదు, కొట్టేయండి' అని అర్జీ పెడతాడు. జడ్జి అప్పుడు సాక్ష్యం చూడడు. కాగితం మీద రాసినదాన్నే చూస్తాడు. కాగితం మీద లేనిది ఆ రోజుకు లోకంలోనే లేదు.

ఆ కాగితంలో ఎంత ఉండాలి? ఈ ప్రశ్న పుట్టింది కూడా పనిచోటు నుంచే. 1954లో టెక్సస్‌లోని హ్యూస్టన్ రైల్వే గూడ్స్ షెడ్డులో నల్లవాళ్ళు చేస్తున్న 45 ఉద్యోగాలను రద్దు చేశామన్నారు. నిజానికి ఆ పనుల్లో చాలావరకు తెల్లవాళ్ళను పెట్టారు. తిరిగి తీసుకున్న కొద్దిమంది నల్లవాళ్ళు సీనియారిటీ పోగొట్టుకున్నారు. యూనియన్ తమకు అండగా నిలవలేదని వాళ్ళు వేసిన దావాలో, 1957లో సుప్రీంకోర్టు ఉదారమైన సూత్రం పెట్టింది. వాది ఏ సంగతులు రుజువు చేసినా గెలిచే దారే లేదని స్పష్టంగా తేలితే తప్ప దావాను మొదట్లోనే కొట్టేయకూడదన్నది ఆ సూత్రం.

అర్ధ శతాబ్దం తర్వాత గాలి మారింది. 2007లో టెలిఫోన్ కంపెనీల గుత్తాధిపత్యం కేసులోనూ, 2009లో సెప్టెంబర్ 11 దాడుల తర్వాత నిర్బంధంలో ఉంచిన ఒక ముస్లిం వేసిన కేసులోనూ కోర్టు కొత్త గీత గీసింది. ముగింపు మాటలు చాలవు, నమ్మదగ్గ కథ కట్టగల సంగతులు ఉండాలి అంది. 'నా మీద వివక్ష చూపారు' అన్నది ముగింపు మాట. 'మార్చి 4న నన్ను రాత్రి పనికి మార్చారు' అన్నది సంగతి. మొదటిదాన్ని జడ్జి నిజమని ఒప్పుకోనక్కరలేదు. రెండోదాన్ని ఒప్పుకుని తీరాలి.

మధ్యలో 2002లో వచ్చిన ఒక తీర్పును మనవాళ్ళు ఎక్కువగా మరిచిపోతారు. హంగరీలో పుట్టిన 53 ఏళ్ళ ఉద్యోగిని ఒక రీఇన్సూరెన్స్ కంపెనీ పదవి తగ్గించి, ఆ తర్వాత తీసేసింది. ఆయన దావాలో వివక్షను చూపే ప్రాథమిక రుజువులన్నీ లేవని కింది కోర్టులు కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదంది. రుజువుకు కావలసిన మెట్లు వేరు, దావా పత్రానికి కావలసిన మాటలు వేరు అంది. ఆ రుజువు మెట్లు 1973లో పుట్టింది కూడా సెయింట్ లూయిస్ కేసులోనే. మెక్‌డొనెల్ విమాన కంపెనీ తనను తిరిగి పనిలోకి తీసుకోలేదని నల్లజాతి హక్కుల కార్యకర్త పర్సీ గ్రీన్ వేసిన కేసు అది. అదే నగరం నుంచి 51 ఏళ్ళ తర్వాత మల్‌డ్రో వచ్చారు. 2002 తీర్పు ఇప్పటికీ చెల్లుతుంది. కాబట్టి దావా పత్రంలో రుజువు మొత్తం కుమ్మరించనక్కరలేదు. సంగతులు మాత్రం ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక ఉదాహరణ అల్లుతాను. ఇందులోని మనిషి నిజం కాదు, పరిస్థితి మాత్రం చాలామందికి తెలిసినదే. డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఒక తెలుగామె పన్నెండేళ్ళ అనుభవమున్న ఇంజనీరు. ఆరుగురి టీమ్‌కు లీడ్. కొత్త మేనేజర్ వచ్చాక ఆమెను రాత్రి సపోర్టు పనికి మార్చారు. జీతం అంతే, హోదా పేరూ అంతే. ఊళ్ళో నాన్నకు ఫోన్ చేస్తే, 'జీతం తగ్గలేదు కదమ్మా, ఊరుకో' అన్నారు. ఊరుకోబుద్ధి కాలేదు. రాయడానికి కూర్చుంది.

మొదట రాసింది ఇది: 'నన్ను అందరి ముందు అవమానించారు. ఆఫీసు వాతావరణం విషపూరితం చేశారు. భారతీయురాలినని వివక్ష చూపారు. తీవ్రమైన మానసిక క్షోభకు గురయ్యాను. నా కెరీర్ దెబ్బతింది.' ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ జడ్జి ఒప్పుకుని తీరవలసిన సంగతి ఒక్కటీ లేదు. ఏం మారింది? ఎప్పుడు? ఎవరు మార్చారు? ఆమె గుండెలో ఏముందో తెలిసింది గాని, ఆమె ఉద్యోగంలో ఏముండేదో, ఏం పోయిందో తెలియలేదు.

రెండోసారి ఇలా రాసిందనుకోండి: 'మార్చి 4 దాకా నేను ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా పనిచేసేదాన్ని. నా కింద ఆరుగురు ఉండేవారు. మార్చి 4న మేనేజర్ పంపిన మెయిల్‌తో నన్ను రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వచ్చే ఫిర్యాదు టికెట్లు చూసే పనికి మార్చారు. అప్పటి నుంచి నా కింద ఎవరూ లేరు. డిజైన్ సమావేశాలకు పిలుపు ఆగిపోయింది. మా కంపెనీలో పదోన్నతికి పేరు వెళ్ళాలంటే ఆ ఏడాది డిజైన్ పని చేసి ఉండాలి. మార్చి 1న మేనేజర్ మరో ఇద్దరి ఎదుట, నీ యాస క్లయింట్లకు ఇబ్బందిగా ఉంది, మనవాళ్ళలాంటి మనిషి కావాలి అన్నారు. నా స్థానంలో అమెరికాలో పుట్టిన, నాలుగేళ్ళ అనుభవమున్న సహోద్యోగిని పెట్టారు.'

రెండో దానిలో కన్నీళ్ళు లేవు. కానీ పని గంటలున్నాయి, మనుషుల సంఖ్య ఉంది, పదోన్నతి దారి ఉంది, తేదీలున్నాయి. నష్టమూ ఉంది, కారణమూ ఉంది. మల్‌డ్రో తీర్పు తర్వాత ఈ నష్టం చిన్నదా పెద్దదా అని జడ్జి తూకం వేయకూడదు.

దావా పత్రాల్లో నేను పదేపదే చూసిన పొరపాటు ఒకటుంది. నష్టం రాయాల్సిన చోట అవమానం రాస్తారు. మల్‌డ్రో కేసును మళ్ళీ చూడండి. 'మిసెస్' అన్న పిలుపు ఆమెను ఎంత నొప్పించిందో నాకు తెలుసుననే అనుకుంటాను. కానీ కేసులో ఆ పిలుపు పని వేరు. ఆమె ఆడమనిషి కాబట్టే ఈ బదిలీ జరిగిందని ఆ పిలుపు చూపిస్తుంది. అది కారణం గడిలోకి వెళ్తుంది. కారు, ఎఫ్‌బీఐ హోదా, వారాంతాలు నష్టం గడిలోకి వెళ్తాయి. రెండు గడులూ నిండితేనే దావా నిలుస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా ఒకే గడిలో రెండూ కలిపేస్తారు. మాట పడినందుకే బాధ అంతా అక్కడ ఉంటుంది కాబట్టి కలం కూడా అక్కడే ఆగిపోతుంది. అది మనసుకు సహజం, కేసుకు నష్టం.

మాటలే నష్టమయ్యే దారి ఒకటి లేకపోలేదు. దాన్ని పగతో నిండిన పని వాతావరణం అంటారు. కానీ 1986, 1993 నాటి తీర్పుల ప్రకారం ఆ వేధింపు ఉద్యోగ పరిస్థితినే మార్చేంత తీవ్రంగా గాని, విస్తృతంగా గాని ఉండాలి. మల్‌డ్రో తగ్గించిన గడప ఇది కాదు. ఒకటి రెండు మాటలతో ఈ దారిన వెళ్ళేవాళ్ళు మధ్యలోనే ఆగిపోతారు.

కాగితం ఎక్కువ రాసి కేసు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. పై ఉదాహరణలో ఆమె కోపంలో, 'అదే రోజు అన్ని దేశాలకు చెందిన పదిమందిని రాత్రి పనికి మార్చారు' అని కూడా రాసి ఉంటే తన కారణం గడిని తానే ఖాళీ చేసుకున్నట్టు. జడ్జి ఆ మాటనూ నిజంగానే తీసుకుంటాడు.

నష్టం ఎలా రాయాలో చూపించే మంచి కేసు ఒకటి మల్‌డ్రో కంటే ముందే ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని హెంప్‌స్టెడ్‌లో ఒక లెక్కల మాస్టారు, హిస్పానిక్. స్పానిష్ మాత్రమే తెలిసిన పిల్లలను ఎక్కువ సంఖ్యలో తన తరగతిలో వేశారని, పాఠాలు రెండు భాషల్లో తయారుచేసుకోవాల్సి రావడంతో పని రెట్టింపైందని, అందుకు అదనంగా పైసా ఇవ్వలేదని రాశారు. 2015లో 2వ సర్క్యూట్ ఆ దావా నిలుస్తుందంది. 'పని రెట్టింపు, జీతం అదే' అన్న మూడు నాలుగు మాటల బలం అది.

ప్రతీకార చర్య సంగతి వేరు. వివక్ష మీద ఫిర్యాదు చేసినందుకు యజమాని కక్ష కడితే, దానికి 2006 నాటి కొలత ఉంది. మెంఫిస్ రైల్వే యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే షీలా వైట్ ఆ విభాగంలో ఏకైక మహిళ. ఫిర్యాదు చేశాక ఆమెను పట్టాల మీద బరువు పనికి మార్చారు, తర్వాత 37 రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేశారు. ఆ జీతం చివరికి ఇచ్చేశారు. అయినా నెలకు పైగా ఇంట్లోకి డబ్బు రాకపోవడం నష్టం కాదా అంటూ కోర్టు ఆమె పక్షాన నిలిచింది. ఫిర్యాదు చేయాలనుకునే మామూలు ఉద్యోగి వెనకడుగు వేసేలా ఉందా అన్నదే అక్కడి కొలత. పని వేళలు మారితే చాలామందికి పెద్ద విషయం కాకపోవచ్చు, బడికెళ్ళే పిల్లలున్న తల్లికి అదే కొండంత విషయమని కోర్టు చెప్పిన మాట నాకు చాలా ఇష్టం. ఈ కొలతను మల్‌డ్రో తీర్పు మార్చలేదు. కాబట్టి ఒకే దావాలో వివక్ష, ప్రతీకారం రెండూ ఉంటే రెంటికీ నష్టం విడివిడిగా రాయాలి. 'పైన చెప్పినవన్నీ ఇక్కడా వర్తిస్తాయి' అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే ప్రతీకారం పద్దు మొదటి దెబ్బకే పోయే ప్రమాదముంది.

వీసా మీద ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా కొన్ని మాటలు చెప్పాలి. హెచ్-1బి మీద ఉన్న మనిషికి ఈ చట్టం వర్తించదన్న అపోహ మనలో బలంగా ఉంది. అది తప్పు. పౌరులు కానివాళ్ళకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1973లోనే స్పష్టం చేసింది. అయితే అదే తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది. పౌరసత్వం లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించడం జాతీయ మూలం వివక్ష కాదు. 'నాకు గ్రీన్‌కార్డు లేదని పక్కన పెట్టారు' అని రాస్తే దావా వేరే చట్టాల వైపు వెళ్ళిపోతుంది. 'భారతదేశంలో పుట్టానని, నా యాస వల్ల' అంటే ఇక్కడే నిలుస్తుంది. జరిగింది ఏదైతే అదే రాయాలి, కానీ ఏ గడిలోకి వెళ్తుందో తెలిసి రాయాలి. ఉద్యోగం పోయాక దేశంలో ఉండడానికి 60 రోజులకు మించని గడువే ఉన్నవాళ్ళకు 'జీతం తగ్గకుండా మార్చడం' అన్నది ఎంత బెదిరింపో ఆ స్థితిలో ఉన్నవాళ్ళకే తెలుసు. పని లేని కాలంలో, అంటే 'బెంచ్' మీద ఉన్నప్పుడు కూడా కంపెనీ జీతం ఇవ్వాలని వలస చట్టం చెబుతుంది. బెంచ్‌లో జీతం ఆపితే అది వేరే ఉల్లంఘన, అది మొదట వెళ్ళేది కార్మిక శాఖకు.

కులం ప్రశ్న కూడా ఈ దారిలోనే వచ్చింది. దళితుడైన ఒక ఇంజనీరు విషయంలో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ 2020లో సిస్కో కంపెనీ మీద దావా వేసింది. అగ్రకులాల మేనేజర్లు అతనికి జీతం, అవకాశాలు తగ్గించారని, ఫిర్యాదు చేశాక ఒంటరిని చేశారని ఆరోపణ. కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరు మేనేజర్ల మీద కేసును ఆ శాఖ 2023లో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ ఆ రాష్ట్రపు కుల బిల్లును తిప్పి పంపారు. ఆ దావాలో నష్టం భాగం మాత్రం నేను చెబుతున్న పద్ధతికి దగ్గరగానే ఉంది: పోయిన అవకాశం, జీతం, పని. మనవాళ్ళే మనవాళ్ళ మీద ఈ ఆరోపణ తెచ్చుకునే రోజు వచ్చిందన్నది వేరే వ్యాసానికి సరిపడే బాధ.

మల్‌డ్రో తర్వాత వాదం ఆగిపోలేదు. న్యాయమూర్తి కావనా తన విడి అభిప్రాయంలో, ఆడది కాబట్టి బదిలీ చేయడమే వివక్ష, అందులోనే నష్టం ఉంది, విడిగా చూపించడం దేనికి అన్నారు. అయినా డబ్బు, సమయం, తృప్తి, వేళలు, ప్రయాణం, ప్రతిష్ఠ, ఎదుగుదల, కుటుంబ బాధ్యతలు వంటి వాటిలో ఏదో ఒకటి దాదాపు ప్రతి కేసులోనూ దొరుకుతుంది కాబట్టి గడప తక్కువేనని ఒప్పుకున్నారు. న్యాయమూర్తి అలీటో మాత్రం పాత మాటలకూ కొత్త మాటలకూ తేడా ఏమిటో తనకు కనబడడం లేదన్నారు. నా తీర్పు చెబుతాను. చట్టం మాటలకు కావనా వాదమే దగ్గర. కానీ ఏ వాదీ దాని మీద ఆధారపడి నష్టం రాయకుండా ఉండకూడదు. మెజారిటీ అడిగింది కొంత నష్టం, అది రాసి ఇవ్వడం నాలుగు వాక్యాల పని.

గడప తగ్గాక లోపలికి అన్ని వైపుల నుంచీ వస్తారు. తెల్లవాళ్ళు, మగవాళ్ళు తమను శిక్షణ కార్యక్రమాల నుంచి, ప్రోత్సాహక పథకాల నుంచి తప్పించారని వేసే కేసులకూ ఇదే కొలత. 2025 జూన్ 5న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, మెజారిటీ వర్గపు వాదులకు అదనపు బరువు మోపకూడదంది. చట్టం రాసింది ప్రతి వ్యక్తి కోసం కాబట్టి నాకు ఇందులో అభ్యంతరం లేదు. కోర్టులు 'షరతు' అనే మాటను కుదించి పాత గోడను మళ్ళీ కడతాయేమోనన్నదే నా ఆందోళన. చెడ్డ రేటింగు ఇచ్చారు, మెరుగుపడాలంటూ గడువు పెట్టిన నోటీసు ఇచ్చారు, కానీ ఇంకేం మారలేదు అంటే ఏమిటన్నదాని మీద అభిప్రాయాలు ఇంకా కుదురుకోలేదు. అందుకే ఆ రేటింగు వల్ల బోనస్ ఎంత తగ్గింది, ఏ ప్రాజెక్టుకు అర్హత పోయింది అన్నది రాయడం వాది చేతిలో ఉన్న జాగ్రత్త.

ఇంకో భ్రమ కూడా తొలగాలి. దావా నిలవడం, డబ్బు రావడం ఒకటి కాదు. మనోవేదనకు, శిక్షాత్మక పరిహారానికి కలిపి 1991లో పెట్టిన పరిమితి ఇప్పటికీ అదే. ఉద్యోగులు 15 నుంచి 100 మంది ఉన్న కంపెనీలో 50 వేల డాలర్లు, 500 దాటితే 3 లక్షలు. పోయిన జీతం దీని కిందకు రాదు. జాతి వివక్ష అయితే 1866 నాటి చట్టపు వారసత్వమైన 1981వ సెక్షన్‌కు పరిమితి లేదు. కానీ 2020 నుంచి అక్కడ జాతి లేకపోతే ఈ నష్టం జరిగేదే కాదని దావాలోనే చెప్పాలి.

మన దేశంలో ఇదే ప్రశ్న వేరే రూపంలో వచ్చింది. 1970లలో తమిళనాడు ప్రధాన కార్యదర్శి ఇ.పి. రాయప్పను జీతం తగ్గించకుండానే రాష్ట్ర ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడిగా, తర్వాత ప్రత్యేక విధుల అధికారిగా మార్చారు. ఆ పదవులు హోదాలో తక్కువని, కక్షతో చేశారని ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళి ఓడిపోయారు. కక్షను ఆరోపించేవాడి మీద రుజువు భారం చాలా బరువన్నారు. సమానత్వం మీద గొప్ప మాటలు చెప్పిన ఆ తీర్పులో ఆయనకు ఊరట దొరకలేదు. కార్మికుణ్ణి కక్షతో బదిలీ చేయడం అన్యాయమైన కార్మిక విధానమని పారిశ్రామిక వివాదాల చట్టానికి చేర్చిన ఐదో షెడ్యూలు చెప్పింది. మన దగ్గర కారణం గడి నిండడం కష్టం. అమెరికాలో నిన్నటిదాకా నష్టం గడి నిండడం కష్టం.

కోర్టుకు ముందు ఒక కాగితం ఉంది, దాని గురించి చెప్పి ఆపుతాను. సమాన ఉద్యోగావకాశాల సంఘం, ఈఈఓసీ, దగ్గర ముందు ఫిర్యాదు పెట్టాలి. టెక్సస్‌లోని ఫోర్ట్ బెండ్ కౌంటీలో ఐటీ ఉద్యోగిని ఒకామె ఆదివారం చర్చికి వెళ్ళినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. ప్రశ్నావళిలో 'మతం' అని చేత్తో రాశారు గాని అసలు ఫిర్యాదు పత్రాన్ని మార్చలేదు. ఆ ఒక్క మాట కోసం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2019లో, కౌంటీ ఆ అభ్యంతరం చాలా ఆలస్యంగా ఎత్తింది కాబట్టి చెల్లదని కోర్టు అన్నందువల్లే ఆమె బయటపడ్డారు. కాబట్టి మీ నష్టం, మీ కారణం రెండూ ఆ మొదటి కాగితంలోనే ఉండాలి. గడువు 180 రోజులు, రాష్ట్రానికి సొంత సంస్థ ఉంటే 300. సంఘం నుంచి అనుమతి పత్రం వచ్చాక కోర్టుకు వెళ్ళడానికి 90. ఈ రోజుల లెక్క మొదలయ్యేది కొత్త పనిలో చేరిన రోజున కాదు, నిర్ణయం మీకు తెలిపిన రోజున. మీకు గాని, మీవాళ్ళకు గాని అలాంటి మెయిల్ వచ్చి ఉంటే ఈ రాత్రే కాగితం తీసి, నిన్నటిదాకా మీ ఉద్యోగంలో ఉండి ఇవాళ లేనివేమిటో తేదీతో రాసుకోండి.